మట్టిలో మంతనాలు

వాన వెలిసిన మరునాడు, నేల ఇంకా మెత్తగా ఉన్నప్పుడు, నెలా పదిరోజుల వయస్సు గల వేరుశనగ మొక్కను వేరు తెగకుండా పెకలించి నీటిలో జాడిస్తే ఒక విశేషం కంటబడుతుంది. తల్లివేరు మీద, పిల్లవేళ్ళు చీలిన చోట్ల ఆవగింజంత, మిరియపు గింజంత బుడిపెలు గుత్తులుగా అంటుకొని ఉంటాయి. తెలియనివారు వాటిని చూసి మొక్కకు ఏదో తెగులు సోకిందని భయపడతారు. 17వ శతాబ్దంలో చిక్కుడు జాతి వేళ్ళను పరిశీలించి ఈ బుడిపెల చిత్రం గీసిన ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు మార్సెల్లో మాల్పీజీ కూడా వాటిని పురుగుల వల్ల ఏర్పడిన గడ్డలవంటివనే తలచాడు. కాని అందులో ఒక బుడిపెను గోటితో చిదిమితే లోపల లేత గులాబి రంగు కనిపిస్తుంది. ఆ రంగు రోగచిహ్నం కాదు. మొక్కకు అన్నం ఉడుకుతున్న పొయ్యి వెలుగు. ఆ పొయ్యిని రాజేసేది మట్టిలోని ఒక సూక్ష్మజీవి. దాని పేరు రైజోబియం బాక్టీరియా.

ఈ సూక్ష్మజీవి మొక్కకు చేసే ఉపకారం విలువ తెలియాలంటే ముందుగా మొక్క ఆకలి ఎటువంటిదో తెలియాలి. ఆకు పచ్చదనానికి, గింజలోని మాంసకృత్తులకు, జీవకణంలోని జన్యు పదార్థానికి నత్రజని ఆధారం. గాలిలో 78 శాతం నత్రజనియే. ఒక్కొక్క చదరపు మీటరు నేలపై నిలిచి ఉన్న వాయుస్తంభంలో 7 టన్నులకు పైగా నత్రజని ఉన్నది. అయినా ఆ మధ్యలో నిలబడిన మొక్క నత్రజని లేక పాలిపోతుంది. సముద్రం నడుమ దాహంతో అలమటించే నావికుని స్థితి దానిది. గాలిలోని నత్రజని పరమాణువులు రెండేసి చొప్పున మూడు బంధాలతో బిగిసి ఉంటాయి. ఆ ముడిని విప్పే శక్తి ఏ మొక్కకూ లేదు. కర్మాగారాలలో మానవుడు దానిని విప్పడానికి 400 సెంటీగ్రేడు డిగ్రీలకు మించిన వేడిని, వాతావరణ పీడనానికి వందరెట్లకు పైబడిన ఒత్తిడిని ఉపయోగిస్తున్నాడు. యూరియా బస్తా వెనుక ఉన్నది ఈ శ్రమయే. అదే పనిని రైజోబియం బాక్టీరియా పొలంలోని మామూలు వేడిలో, మామూలు ఒత్తిడిలో, ఏ చప్పుడూ లేకుండా నెరవేరుస్తుంది.

పప్పుధాన్యాలు నేలకు సత్తువ ఇస్తాయని రైతులకు శాస్త్రం పుట్టకముందే తెలుసు. వరి కోతకు ముందే పదును ఆరని మాగాణిలో మినుము, పెసర చల్లడం, జొన్నలో కందిని అంతరపంటగా వేయడం, జనుము, జీలుగ, పిల్లిపెసర పెంచి పూతదశలో కలియదున్నడం ఆ అనుభవం నుండి వచ్చిన పద్ధతులే. అయితే దానికి కారణం 1886 వరకు స్పష్టపడలేదు. జర్మనీ దేశానికి చెందిన హెర్మన్ హెల్‌రీగెల్, హెర్మన్ విల్‌ఫార్త్ అనే శాస్త్రజ్ఞులు నత్రజని లేని ఇసుకలో బఠానీని, ఓట్లను పెంచి చూశారు. ఓట్లు ఎంత నత్రజని వేస్తే అంతే పెరిగాయి. బఠానీ మొక్కలు మాత్రం, కొంచెం పొలం మట్టిని కలిపిన నీరు పోయగానే కోలుకొని పచ్చగా ఎదిగాయి. అదే నీటిని మరిగించి పోస్తే ఫలితం శూన్యం. అంటే మేలు చేసింది మట్టిలోని లవణం కాదు, మరిగిస్తే చనిపోయే ఒక ప్రాణి. 1888లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు మార్టినస్ బైయరింక్ ఆ ప్రాణిని బుడిపెల నుండి వేరుచేసి ప్రయోగశాలలో పెంచి చూపాడు.

ఈ స్నేహం తప్పిపోతే ఏమవుతుందో చెప్పే నిదర్శనం తెలుగునేల మీదనే దొరికింది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్షేత్రాలలో వేరుశనగ సంకరాల సంతతిని పెంచుతున్నప్పుడు, పచ్చని మొక్కల నడుమ కొన్ని మొక్కలు పసుపుబారి కనిపించాయి. పెకలించి చూడగా వాటి వేళ్ళకు బుడిపెలు లేవు. నేల అదే, వాన అదే, మట్టిలోని బాక్టీరియా కూడా అదే. తల్లిదండ్రుల నుండి సంక్రమించిన లక్షణాలలో ఏదో లోపించడం వల్ల ఆ మొక్కలకు బాక్టీరియాతో పొత్తు కుదరలేదు. ఇరుగుపొరుగు మొక్కలకు అందిన విందు వాటికి అందలేదు.

కాబట్టి బాక్టీరియా మట్టిలో ఉన్నంత మాత్రాన చాలదు. మొక్క దానిని పిలవాలి, అది బదులు పలకాలి, ఒకరినొకరు గుర్తించాలి. కంటిచూపు, చెవి, నోరు లేని ఈ రెండు ప్రాణులు చీకటి నిండిన మట్టిలో ఒకదాని జాడ మరొకటి ఎలా తెలుసుకుంటాయి? నూరు సంవత్సరాలపాటు శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న ఇది.

చిటికెడు మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులుంటాయి. వాటిలో మేలు చేసేవి కొన్ని, కీడు చేసేవి కొన్ని, ఏ జోలికీ పోనివి అనేకం. అయితే ఈ జనాభా నేలంతటా సమంగా ఉండదు. తిరునాళ్ళలో దుకాణాల చుట్టూ జనం మూగినట్లు అవి వేళ్ళ చుట్టూ గుమికూడతాయి. వేరును అంటిపెట్టుకొని ఉండే ఈ సన్నని మట్టిపొరకు 1904లో జర్మనీ శాస్త్రజ్ఞుడు లోరెంజ్ హిల్ట్‌నర్ 'రైజోస్ఫియర్' అని పేరుపెట్టాడు. తెలుగులో దానిని వేరుమండలం అనవచ్చు. మొక్క తన ఆకులలో తయారుచేసుకున్న ఆహారంలో కొంత భాగాన్ని చక్కెరలుగా, ఆమ్లాలుగా, జిగురుగా వేళ్ళద్వారా మట్టిలోకి వదులుతుంది. పైకి ఇది దుబారాగా కనిపిస్తుంది. నిజానికి ఇది పెట్టుబడి. ఆ స్రావాలలో కొన్ని ఆహారమైతే, మరికొన్ని కబుర్లు.

వేరుశనగ, కంది, బఠానీ వంటి కాయజాతి మొక్కలు నత్రజని కొరతను పసిగట్టినప్పుడు తమ వేళ్ళ నుండి ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను విడుదల చేస్తాయి. పూలకు, పండ్లకు రంగులనిచ్చే పదార్థాలలో అనేకం ఈ కుటుంబానికి చెందినవే. వేరుమండలంలో మాత్రం వీటి పని వేరు. అవి ఆహ్వాన పత్రికలు. 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షారన్ లాంగ్ పర్యవేక్షణలో జరిగిన పరిశోధన లూసర్న్ అనే పశుగ్రాసపు మొక్కనుండి వెలువడే ల్యూటియోలిన్ అనే ఫ్లేవనాయిడు బాక్టీరియాలోని బుడిపెలకు సంబంధించిన జన్యువులను మేల్కొలుపుతుందని తెలిపింది. బాక్టీరియా కణంలో ఈ పిలుపును అందుకొనడానికి ఒక మాంసకృత్తు కావలివానివలె సిద్ధంగా ఉంటుంది. తగిన ఫ్లేవనాయిడు తగిలితేనే అది కదులుతుంది. ఒక్కొక్క జాతి మొక్క పంపే పిలుపు ఒక్కొక్క తీరుగా ఉంటుంది గనుక అన్ని రైజోబియములూ అన్ని మొక్కల వద్దకు పరుగెత్తవు. పిలుపు అందిన బాక్టీరియా తన సన్నని కశాభాలను ఆడిస్తూ వేరువైపు ఈదుతుంది.

పిలుపు వినగానే తలుపు తోసుకొని లోపలికి రావడం అతిథి మర్యాద కాదు. బాక్టీరియా కూడా ముందుగా తన ఆనవాలు పంపుతుంది. దీనిని శాస్త్రజ్ఞులు 'నాడ్ కారకం' అంటారు. 1990లో ఫ్రాన్సులోని టూలూజ్ నగరంలో జాన్ దెనారియె, ఆయన సహచరులు దీని నిర్మాణాన్ని ఛేదించారు. నాలుగైదు చక్కెర యూనిట్లు వరుసగా కూర్చిన గొలుసు, దాని ఒక కొసకు తగిలించిన ఒక కొవ్వుఆమ్లపు తోక - ఇదే నాడ్ కారకపు రూపం. గొలుసు దాదాపు అన్ని రైజోబియములలోనూ ఒకటే. తోక పొడవులో, గొలుసు కొసలకు చేర్చిన చిన్న చిన్న అలంకారాలలో తేడాలుంటాయి. లూసర్న్‌తో స్నేహం చేసే బాక్టీరియా తన గొలుసుకు ఒక గంధక సమూహాన్ని తగిలిస్తుంది. ఆ ఒక్క తునక లేకపోతే లూసర్న్ దానిని తన మిత్రునిగా గుర్తించదు. ఉత్తరం ఎంత చక్కగా ఉన్నా ముద్ర లేకపోతే కచేరీలో చెల్లనట్లే ఇదీను.

ఈ ఉత్తరం ఎంత సూక్ష్మమైనదో ఊహించడం కూడ కష్టమే. ఒక లీటరు నీటిలో గ్రాములో పదిలక్షలవ వంతు నాడ్ కారకం కలిపినా వేరు దానిని గుర్తిస్తుంది. 2003లో డెన్మార్కు పరిశోధకులు, వేరు ఉపరితలాన ఉండి ఈ సంకేతాన్ని పట్టే గ్రాహకాలను కనుగొన్నారు. గ్రాహకానికి నాడ్ కారకం తగిలిన కొద్ది నిమిషాలలోనే మూలకేశపు కణకేంద్రం వద్ద కాల్షియం గాఢత గుండె కొట్టుకొన్నట్లు లయబద్ధంగా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఆ లయను చదువుకొని కణం తన పనిని ఆరంభిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నాడ్ కారకంలోని చక్కెర గొలుసు, మొక్కలకు బద్ధశత్రువులైన శిలీంధ్రాల కణకవచంలో ఉండే కైటిన్ గొలుసు ఒకే ముడిసరుకుతో తయారైనవి. మొక్క ఆ కైటిన్ తునకలను పసిగట్టి ఆత్మరక్షణకు సిద్ధపడుతుంది. ఆ పసిగట్టే గ్రాహకాలు కూడా నాడ్ కారకాన్ని గుర్తించే గ్రాహకాలకు దగ్గరి చుట్టాలే. అంటే మిత్రుడు, శత్రువు ఒకే లిపిలో ఉత్తరాలు వ్రాస్తున్నారన్నమాట. ఆ రెండింటి మధ్య తేడాను మొక్క అక్షరాల చివరి వంపులను బట్టి పోల్చుకోవాలి. పొరపడి శత్రువును ఆహ్వానిస్తే అది ఏకై వచ్చి మేకై కూర్చుంటుంది. పొరపడి మిత్రుని వెళ్ళగొడితే ఆకలి తప్పదు. ప్రతి మూలకేశపు కొసనా ఈ పరీక్ష జరుగుతూనే ఉంటుంది.

పరీక్షలో నెగ్గిన అతిథికి ద్వారం తెరుచుకొనే తీరు కూడా విచిత్రమైనదే. బఠానీలోను, లూసర్న్‌లోను మూలకేశపు కొస గొర్రెలకాపరి కర్రవలె వంగి, తన మడతలో బాక్టీరియాను ఇముడ్చుకొంటుంది. ఆ మడత నుండి లోపలికి ఒక సన్నని గొట్టం ఏర్పడుతుంది. ఆ దారిని నిర్మించేది బాక్టీరియా కాదు, మొక్కయే. బాక్టీరియా వరుసగా విభజన చెందుతూ ఆ గొట్టంలో ముందుకు సాగుతుంది. ఈలోగా వేరు లోపలి పొరలలోని కణాలు విభజన చెంది, రాబోయే బిడారుకు విడిది సిద్ధంచేస్తాయి. వేరుశనగ పద్ధతి ఇంతకన్న సాదాగా ఉంటుంది. పిల్లవేరు తల్లివేరును చీల్చుకొని వచ్చినప్పుడు ఏర్పడే పగులే అక్కడ సింహద్వారం. అందుకే వేరుశనగ బుడిపెలు పిల్లవేళ్ళు మొలిచిన చోట్లనే బారులు తీరి ఉంటాయి.

విడిది చేరిన బాక్టీరియా కణాలు ఒక్కొక్కటిగా, లేదా కొన్ని కలిసి, మొక్క అమర్చిన పలుచని పొర లోపల ఒదిగిపోతాయి. అక్కడినుండి వాటి జీవనవిధానం మారిపోతుంది. అవి నైట్రోజినేజ్ అనే ఎంజైము సహాయంతో గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు అందిస్తాయి. బదులుగా మొక్క తన కిరణజన్య సంయోగక్రియా ఫలాన్ని వాటికి పంచుతుంది. ఈ పని చౌకగా జరిగేది కాదు. ఒక్క నత్రజని అణువును విడదీయడానికి కనీసం 16 శక్తి అణువులు ఖర్చు కావాలి. అంత శక్తి పుట్టాలంటే బాక్టీరియాకు ప్రాణవాయువు కావాలి. కాని ప్రాణవాయువు తగిలితే నైట్రోజినేజ్ చెడిపోతుంది. ఈ సంకటాన్ని తీర్చేది లెగ్‌హీమోగ్లోబిన్. 1939లో జపాను శాస్త్రజ్ఞుడు కుబో ఇది మానవరక్తంలోని హీమోగ్లోబిన్ కోవకు చెందినదని గుర్తించాడు. ఇది ప్రాణవాయువును గట్టిగా పట్టుకొని, బాక్టీరియాకు ఊపిరి ఆడేటంత మాత్రమే కొలిచి వడ్డిస్తుంది. బుడిపెను చిదిమినప్పుడు కనబడే గులాబిరంగు దీనిదే. లోపల పాలిపోయి గాని, ఆకుపచ్చగా గాని ఉంటే ఆ బుడిపె పని చేయడంలేదని, లేదా దాని పని ముగిసిందని అర్థం.

ఎంతటి స్నేహానికైనా హద్దు ఉండాలి. బుడిపెలు మితిమీరితే మొక్క తన తిండినంతా అతిథులకే ధారపోయవలసి వస్తుంది. అందుచేత తొలి బుడిపెలు ఏర్పడగానే వేరునుండి ఒక చిన్న మాంసకృత్తు తునక కాండంలోకి ప్రయాణం చేసి ఆకులకు సమాచారమందిస్తుంది. పైనుండి క్రిందికి 'ఇక చాలు' అనే కబురు వస్తుంది. మట్టిలో నత్రజని దండిగా ఉన్నప్పుడు కూడా మొక్క బుడిపెల నిర్మాణాన్ని తగ్గిస్తుంది. అరువు దొరికినవేళ ఆలివారికి కూలి ఇవ్వడమెందుకన్నట్లుంటుంది దాని లెక్క. కాపు పండాలని కాయజాతి పైరుకు యూరియాను గుప్పించే రైతు, ఉచితంగా పనిచేసే కూలీలను తానే వెళ్ళగొట్టినవాడవుతాడు. పప్పుధాన్యపు పైర్లకు ఎకరాకు 8 కిలోల నత్రజనిని మాత్రమే, అదీ మొదటి దశకోసం, వ్యవసాయ శాస్త్రజ్ఞులు సిఫారసు చేయడంలోని రహస్యం ఇదే.

తిని కూర్చొనే అతిథుల సంగతి ఏమిటి? 2003లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు సోయాచిక్కుడు బుడిపెల చుట్టూ నత్రజనికి బదులు ఆర్గాన్ వాయువును నింపి చూశారు. బాక్టీరియా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేకుండాపోయింది. మొక్క ఆ బుడిపెలకు ప్రాణవాయువు సరఫరాను తగ్గించింది. వాటిలోని బాక్టీరియా సంతతి ఎదుగుదల దెబ్బతిన్నది. పనిచేయనివానికి పస్తు తప్పదన్నమాట. ఈ స్నేహంలో ఆదరణ ఎంత ఉన్నదో, లెక్క కూడా అంతే ఉన్నది.

బుడిపెలు ఏర్పరచని మొక్కలకు కూడ మట్టిలో మిత్రులున్నారు. 2008లో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క ఆకులకు ఒక రోగకారక బాక్టీరియాను సోకించారు. ఆకుకు తెగులు సోకితే వేరు మాలిక్ ఆమ్లాన్ని అధికంగా స్రవించింది. ఆ ఆమ్లపు వాసన పట్టుకొని బాసిల్లస్ సబ్‌టిలిస్ అనే మేలుచేసే బాక్టీరియా వచ్చి వేరుపై పొరగా పరచుకొన్నది. ఆకు కష్టాన్ని వేరు ఎలుగెత్తి చాటడం, పొరుగువారు పరుగెత్తుకొని రావడం అన్నవి మనుషుల గ్రామాలలోనే కాక మట్టి లోపలి గ్రామంలో కూడ జరుగుతున్నవని దీనివల్ల తేలింది.

ఈ జ్ఞానం ప్రయోగశాల గోడలమధ్య నిలిచిపోయేది కాదు. సోయాచిక్కుడు ఆసియా తూర్పు ప్రాంతపు పంట. కొత్త దేశాలకు దానిని తీసుకొనిపోయినప్పుడు విత్తనం వెళ్ళింది గాని, దాని భాష తెలిసిన బాక్టీరియా అన్నిచోట్లా లేదు. అందువల్ల విత్తనంతోబాటు బాక్టీరియాను కూడ పొలానికి చేర్చవలసివచ్చింది. ఆదిలాబాదు నల్లరేగడి నేలలలో సోయా సాగు మొదలుపెట్టిన రైతు మొదటిసారి విత్తేటప్పుడు రైజోబియం కల్చరు వాడటం అందుకే ముఖ్యం. వేరుశనగ మాత్రం అంత పట్టుదల గలది కాదు. అలసంద వంటి పైర్లతో మెలిగే స్థానిక బాక్టీరియాతో కూడ అది సర్దుకుపోతుంది. అయితే సర్దుకుపోయిన అతిథులందరూ సమర్థులని చెప్పలేము.

కల్చరు ప్యాకెట్టు యూరియా బస్తా వంటి వస్తువు కాదు. అందులో ఉన్నది ప్రాణం. చల్లార్చిన పలుచని బెల్లపు పానకంలో కల్చరును కలిపి, గింజలకు పల్చని పూతగా పట్టించి, నీడలో ఆరబెట్టి, వెంటనే విత్తాలి. శిలీంధ్రనాశక మందుతో విత్తనశుద్ధి చేయవలసి ఉంటే దానిని ముందు పూర్తిచేసి, బాక్టీరియాను చిట్టచివర పట్టించాలి. కల్చరు ప్యాకెట్టును ఎండలో ఉంచినా, గడువు దాటినదాన్ని కొన్నా, పురుగుమందుతో కలిపినా సంచిలో మిగిలేది నల్లని పొడి మాత్రమే. అటువంటి పొడిని చల్లి ఫలితం లేదని విసిగిపోయిన రైతులు లేకపోలేదు. వారు మోసపోయింది శాస్త్రం వల్ల కాదు. ప్రాణిని సరుకుగా చూసిన నిర్లక్ష్యం వల్ల. రసాయనిక ఎరువుల ధర పెరిగినకొద్దీ ఈ నిర్లక్ష్యం ఖరీదు కూడా పెరుగుతుంది. ఆ ఖరీదును చెల్లించేది చివరకు చిన్నరైతే.

ఇదే స్నేహాన్ని వరికి, గోధుమకు, మొక్కజొన్నకు కూడ నేర్పగలిగితే ఎంత బాగుండునని శాస్త్రజ్ఞులు చిరకాలంగా ఆశపడుతున్నారు. ఆ ఆశ పూర్తిగా గాలిమేడ కాదు. మొక్కలు నేలమీదకు వచ్చిన తొలిరోజులలోనే, సుమారు 40 కోట్ల సంవత్సరాల క్రితం, వేళ్ళకు భాస్వరాన్ని సమకూర్చే శిలీంధ్రాలతో అవి స్నేహం కట్టాయి. ఆ స్నేహపు సంకేతాలను చదివే యంత్రాంగంలో పెద్దభాగం వరిలో నేటికీ ఉన్నది. కాయజాతి మొక్కలు ఆ పాత యంత్రాంగాన్నే కొత్త అతిథికి అనువుగా మలచుకొన్నాయి. అయితే పిలుపు వినడం ఒకటి, విడిది కట్టడం మరొకటి, ప్రాణవాయువును కొలిచి వడ్డించడం ఇంకొకటి. ఇన్నింటినీ ఒక ధాన్యపు మొక్కలో సమకూర్చడం సామాన్యమైన కార్యం కాదు. అది సాధ్యపడేవరకు ధాన్యం పక్కన పప్పును, వరి వెనుక మినుమును ఉంచిన పాత సేద్యం తీర్చిన లోటును మరొకటి తీర్చలేదు.

పొలంలో నిలబడి చూసేవారికి పైరు మౌనంగానే కనిపిస్తుంది. ఆకులు గాలికి కదలడం తప్ప వేరు అలికిడి ఉండదు. కాని పాదాల క్రింద, జానెడు లోతులో, ఎడతెగని సంభాషణ సాగుతూ ఉంటుంది. ఆ సంభాషణలో పిలుపు ఉన్నది, పరీక్ష ఉన్నది, ఆతిథ్యం ఉన్నది, అవసరమైనచోట మందలింపు ఉన్నది. దానిని చెవులతో వినడం మనిషికి సాధ్యంకాదు. ఒక మొక్కను మెల్లగా పెకలించి, బుడిపెను చిదిమి, అందులోని రంగును చూడడం సాధ్యమే. గులాబిరంగు కనబడితే మంతనాలు ఫలించినట్లే.